‘ఎలెక్టివ్’ అంటే అక్కర్లేదని కాదు: మహమ్మారి మధ్యలో గుండె ఆపరేషన్లు మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?

2020 మార్చి ఆఖర్లో మా మావయ్యకి విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఏప్రిల్లో జరగాల్సిన వాల్వు ఆపరేషన్ వాయిదా పడింది, మీది ఎలెక్టివ్ కేసు, పరిస్థితి చక్కబడ్డాక మేమే కబురు చేస్తాం అన్నారు. ఫోను పెట్టేసి ఆయన నాతో అన్న మొదటి మాట: “అల్లుడూ, మనది అర్జెంటు కాదంట. మరైతే కోయించుకోడం దేనికి?”

ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో చిన్న ఊరు. విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. బస్సుల్లేవు, రైళ్ళు లేవు, రోడ్డెక్కితే పోలీసులు. అలాంటి రోజుల్లో ఆపరేషనే అక్కర్లేదన్నట్టు వినబడితే ఎవరికి చేదు? మా అత్త అమ్మవారికి కొబ్బరికాయ కూడా కొట్టేసింది.

ఎలెక్టివ్ అనే మాట ఆ ఏడాది చాలా ఇళ్ళలో ఇలాగే తప్పుగా వినబడింది. డాక్టర్ల భాషలో దానికి అర్థం వేరు. ఈ గంటలోనే చెయ్యకపోతే మనిషి దక్కడు అన్నది ఎమర్జెన్సీ. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపకుండా ఈ కొద్ది రోజుల్లోనే చెయ్యాలన్నది అర్జెంటు. ఇంటికెళ్ళి, ఒక తేదీ వేసుకుని రమ్మనదగ్గది ఎలెక్టివ్. అంటే తేదీ మన చేతిలో ఉందని మాత్రమే, జబ్బు మన చేతిలో ఉందని కాదు. మోకాలి చిప్ప మార్పిడికీ, కంటి శుక్లానికీ, గుండె వాల్వుకీ ఇదే మాట వాడతారు. అసలు చిక్కంతా అక్కడే. శుక్లం ఆర్నెల్లు ఆగితే చూపు మసకగానే ఉంటుంది, అంతే. వాల్వు ఆగదు.

మా మావయ్యది అయోర్టిక్ వాల్వు. గుండె నుంచి ఒంటికంతా రక్తం పోయే పెద్ద ద్వారం దగ్గర ఉండే తలుపు. వయసుతో సున్నం పట్టి బిగుసుకుపోయింది. ఈ జబ్బు ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యదు. కానీ ఒకసారి లక్షణాలు బయటపడ్డాయంటే లెక్క మారిపోతుంది. ఆపరేషన్ చెయ్యకుండా వదిలేస్తే, ఛాతీనొప్పి మొదలైనవాళ్ళు సగటున 5 ఏళ్ళు, కళ్ళు తిరిగి పడిపోవడం మొదలైనవాళ్ళు 3 ఏళ్ళు, గుండె అలిసిపోయి ఆయాసం మొదలైనవాళ్ళు 2 ఏళ్ళు బతుకుతారని 1960ల నుంచీ వైద్య విద్యార్థులకు చెబుతున్న పాఠం. మావయ్యకి అప్పటికే కొబ్బరితోట దాకా నడిస్తే ఆయాసం. సగటున రెండేళ్ళున్న మనిషికి ఆర్నెల్లు వాయిదా అంటే, ఉన్న ఆయుష్షులో పావు వంతు ఎదురుచూడ్డానికే పోయినట్టు.

అందరిదీ ఇంత తొందర కాదు. పై గదుల మధ్య గోడకు చిల్లుండి, హాయిగా ఆడుకుంటున్న పిల్లకి కొన్ని నెలలు ఆగినా పెద్ద తేడా రాదు. అదే కింది గదుల మధ్య గోడకు చిల్లుండి, ఊపిరితిత్తులకు పోయే దారి కూడా ఇరుకై, ఏడ్చినప్పుడల్లా నీలంగా మారిపోయే పసివాడి సంగతి వేరు. గుండెకు రక్తం తెచ్చే ఎడమవైపు ప్రధాన నాళమే పూడుకుపోయినవాళ్ళకి ఒక్కో వారమూ లెక్కే. ఇంత తేడా ఉన్న రోగులందరినీ ఒకే పేరు కింద కట్టి, ఒకే రోజున ఆపేశారు.

ఆపడం తప్పని నేననను. ఆ మార్చిలో వేరే దారి లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ కూడా అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వెయ్యమనే చెప్పింది. కారణాలు అర్థం చేసుకుంటేనే మళ్ళీ మొదలుపెట్టడంలోని కష్టం తెలుస్తుంది.

గుండె ఆపరేషన్‌లో చాలావాటికి గుండెని కాసేపు ఆపాలి. ఆ సేపు రక్తమంతా బయట ఒక యంత్రంలోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగిన రక్తాన్ని ఒళ్ళు తేలిగ్గా ఒప్పుకోదు. శత్రువొచ్చినట్టు ఒళ్ళంతా వాపు ప్రతిక్రియ మొదలవుతుంది. ఊపిరితిత్తులు కొంత నీరు పడతాయి, రోగనిరోధక శక్తి కొన్నాళ్ళు తగ్గుతుంది. మామూలు రోజుల్లో ఒక రాత్రి వెంటిలేటర్ మీద ఉంచి మర్నాడు తీసేస్తారు. సరిగ్గా ఆ సమయంలో ఊపిరితిత్తుల మీదే పడే వైరస్ కూడా ఒంట్లో ఉంటే?

దానికి జవాబు 2020 మే ఆఖర్లో వచ్చింది. 24 దేశాల్లో, 235 ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కి కాస్త ముందో వెనకో కోవిడ్ సోకిన 1,128 మందిని పరిశీలించారు. అందులో అన్ని రకాల ఆపరేషన్లూ ఉన్నాయి. నెల తిరక్కుండా చనిపోయినవాళ్ళు 23.8 శాతం. సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలొచ్చాయి. ఎలెక్టివ్ కేసులను విడిగా తీసినా మరణాలు 19 శాతం దగ్గర. ఈ అంకె వాట్సాప్‌లో మా ఊరిదాకా వచ్చింది, తోక తెగి వచ్చింది. “ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుంటే నలుగురిలో ఒకరు పోతారంట” అని. అది ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళందరి లెక్క కాదు, ఆపరేషన్ రోజుల్లో కోవిడ్ కూడా తగులుకున్న వాళ్ళ లెక్క. నిజానికి ఆ అధ్యయనం చెప్పింది ఆపరేషన్ మానెయ్యమని కాదు, ఆ రోజుల్లో వైరస్‌ని రోగి దగ్గరికి రానివ్వొద్దని. ఎలెక్టివ్ ఆపరేషన్లు మళ్ళీ మొదలుపెట్టడమంటే ఈ ఒక్క పనే. మిగతావన్నీ దీని కోసమే.

మన రెండు జిల్లాల కథలో ఇంకో మెలిక ఉంది. ఏప్రిల్ ఆఖరి వారం దాకా శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కేసూ నమోదు కాలేదు. విజయనగరమైతే మే మొదటి వారం దాకా. రాష్ట్రంలో గ్రీన్ జోన్ అనిపించుకున్న జిల్లా అదొక్కటే. గుజరాత్‌లోని వెరావల్ రేవులో ఇరుక్కుపోయిన మన మత్స్యకారులు బస్సుల్లో ఇళ్ళకు చేరింది కూడా ఆ రోజుల్లోనే. అంటే, వైరస్ ఇంకా రాలేదు కానీ వైద్యం మాత్రం ఆగిపోయింది. ఎందుకంటే ఇక్కడి వాళ్ళలో ఎక్కువ మందికి గుండె ఆపరేషన్ అంటే విశాఖే. సర్జన్ ఒక జిల్లాలో, రోగి ఇంకో జిల్లాలో, మధ్యలో చెక్‌పోస్టులు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి తొలి కొలబద్దల్లో ఒకటి అమెరికాలో వచ్చింది. అక్కడి సర్జన్ల, మత్తు డాక్టర్ల, ఆపరేషన్ థియేటర్ నర్సుల, ఆసుపత్రుల సంఘాలు నాలుగూ కలిసి 2020 ఏప్రిల్ 17న ఒక ప్రకటన ఇచ్చాయి. ఆ ప్రాంతంలో కొత్త కేసులు కనీసం 14 రోజులు వరసగా తగ్గాలి. మంచాలు, వెంటిలేటర్లు, మందులు, రక్షణ దుస్తులు, మనుషులు సరిపడా ఉండాలి. సబబైన మాటే. కానీ ‘ఆ ప్రాంతం’ అంటే ఏది? కవిటి నుంచి వచ్చే రోగికి విశాఖ కేసులు చూడాలా, శ్రీకాకుళం కేసులు చూడాలా? నా లెక్కలో రెండూ చూడాలి, దారిలో ఎక్కే వాహనాన్ని కూడా కలుపుకుని. రాష్ట్రంలో ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదట్లో రోజుకు 10 వేలకు పైగా కేసులొచ్చాయి. అవి దిగి, నిలకడగా కింద ఉన్నాయని నమ్మకం కుదిరేసరికి నవంబరు వచ్చింది. మావయ్యకి రెండో ఫోను అప్పుడే వచ్చింది.

అప్పటికి ఎదురుచూసేవాళ్ళ వరస ఎంత పెరిగి ఉంటుందో ఊహకి ఒక లెక్క వేద్దాం. వారానికి 10 ఆపరేషన్లు చేసే ఆసుపత్రి 10 వారాలు ఆగితే 100 మంది మిగిలిపోతారు. మళ్ళీ మొదలుపెట్టాక శుభ్రతకీ, పరీక్షలకీ టైం పోయి వారానికి 8 మాత్రమే చెయ్యగలిగితే, కొత్తగా 10 మంది వస్తూనే ఉంటారు కాబట్టి వరస తగ్గడం అటుంచి వారానికి ఇద్దరు చొప్పున పెరుగుతుంది. కష్టపడి 12 చేసినా పాత బాకీ తీరడానికి 50 వారాలు. తలుపులు తెరిచాం అన్నంత మాత్రాన మామూలు రోజులు వచ్చేసినట్టు కాదు.

మరి ముందు ఎవరిని పిలవాలి? ఫైలు నంబరు ప్రకారం పిలిస్తే గొడవ ఉండదు, కానీ ప్రాణాలు పోతాయి. జబ్బు తీవ్రతని బట్టి పిలవాలంటే ఇంకో ఇబ్బంది. బాగా ముదిరినవాళ్ళే ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఎక్కువ రోజులుంటారు. ఒక్కరు వారం రోజులు మంచం పట్టుకుంటే, ఆ మంచం మీద ముగ్గురు తేలికపాటి రోగులు వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. కోవిడ్ మళ్ళీ పెరిగితే అదే ఐసీయూ, అదే వెంటిలేటర్ కావాలి. కొన్ని చోట్ల మొదటి వారాల్లో త్వరగా కోలుకునే వాళ్ళతో మొదలుపెట్టి, పద్ధతులు చేతికి అలవాటయ్యాక బరువైన కేసులు ఎత్తుకున్నారు. నాకిది సగమే నచ్చింది. కొత్త పద్ధతిలో తప్పులుంటే తట్టుకోగల రోగి దగ్గర బయటపడటం మంచిదే. కానీ ఎడమ ప్రధాన నాళం మూసుకుపోయిన మనిషి ఆ ‘అలవాటయ్యేదాకా’ ఇంట్లో కూర్చోలేడు. అందుకే ఒక్క సర్జన్ కాకుండా, గుండె డాక్టరు, సర్జను, మత్తు డాక్టరు కలిసి కూర్చుని ప్రతి వారం జాబితా మళ్ళీ చూడాలన్నారు. దాంతో పాటు జాబితాలో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి, “ఆయాసం పెరిగిందా? పడుకుంటే ఊపిరాడుతోందా? కాళ్ళు పొంగాయా?” అని అడగాలి. ఏప్రిల్లో ఎలెక్టివ్‌గా ఉన్నవాడు జూన్‌కి అర్జెంటు అయిపోతాడు. మావయ్యకి ఆ మధ్యలో అలాంటి ఫోను ఒక్కటీ రాలేదు. మేమే చెయ్యాలని మాకూ తట్టలేదు.

ఆసుపత్రి లోపలి సంగతుల్లో నాకు బాగా ఆశ్చర్యమనిపించింది గాలి. ఆపరేషన్ థియేటర్‌లో గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ పెడతారు. తలుపు తీసినప్పుడు బయటి దుమ్ము లోపలికి రాకుండా, లోపలి శుభ్రమైన గాలే బయటికి తోసుకుపోవాలని. రోగి పుండుకి అది రక్ష. కానీ రోగికే వైరస్ ఉంటే ఆ గాలి వసారాలో ఉన్నవాళ్ళ మీదికి పోతుంది. ఇన్నాళ్ళూ కాపాడిన ఏర్పాటే తిరగబడుతుంది. మత్తిచ్చి గొంతులోకి గొట్టం వేసేటప్పుడు, అన్నవాహికలోంచి గుండెని చూసే ఎకో గొట్టం వేసేటప్పుడు తుంపర్లు ఎక్కువ లేస్తాయి. అందుకే ఆ కాసేపు గదిలో ఇద్దరు ముగ్గురే ఉండి, మిగతావాళ్ళు బయట ఆగాలి. ఎంతసేపు? గంటకు 12 సార్లు గాలి మారే గదిలో, గాలిలో తేలే కణాలు 99.9 శాతం పోవడానికి 35 నిమిషాలు పడుతుంది. రోజుకు రెండు కేసులు చేసే థియేటర్‌లో ఒక్కటే ఎందుకు చేసేవారో ఇప్పుడు అర్థమైందిగా.

రెండో సంగతి, దారులు. కోవిడ్ రోగులకీ మిగతావాళ్ళకీ గేటు, లిఫ్టు, ఐసీయూ, నర్సులు అన్నీ వేరుగా ఉండాలి. ఒకే లిఫ్టులో అందరినీ ఎక్కించి, పై అంతస్తులో ‘కోవిడ్ రహితం’ అని బోర్డు పెడితే లాభం లేదు. కేన్సర్ ఆపరేషన్లు చేయించుకున్న 9,171 మందిని పరిశీలిస్తే, ఇలా పూర్తిగా విడదీసిన చోట ఊపిరితిత్తుల సమస్యలు 2.2 శాతం, విడదీయని చోట 4.9 శాతం. సగానికి పైగా తేడా.

పరీక్ష నెగటివ్ వచ్చింది కదా, ఇంత హంగామా ఎందుకు అని అడిగేవాళ్ళు ఉండేవారు. ఆర్‌టీపీసీఆర్ మంచి పరీక్షే, దానికీ గుడ్డి రోజులున్నాయి. వైరస్ ఒంట్లోకి దూరిన మొదటి రోజు చేస్తే దాదాపు అందరికీ నెగటివే. జ్వరం, దగ్గు బయటపడిన రోజున చేసినా నూటికి 38 మందికి నెగటివ్ రావచ్చని 2020లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. కాబట్టి ఆపరేషన్‌కి రెండు మూడు రోజుల ముందు చేసే పరీక్ష ఒక్కటే కాపాడదు. దానికి ముందు రెండు వారాలు రోగి ఎవరినీ కలవకుండా ఇంట్లో ఉండాలన్నారు.

ఇంట్లో అని రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఏ ఇల్లో నాకు తెలీదు. మావయ్య ఇల్లు రెండు గదులు, ఒక వసారా. మనుషులు ఏడుగురు, బాత్రూం ఒకటి. గ్రామ సచివాలయంలో పనిచేసే కోడలు రోజూ పదిమందిని కలిసి వస్తుంది. చివరికి తిత్లీ తుపానులో పోగా మిగిలిన కొబ్బరితోటలో పాక బాగుచేసి, మావయ్యని ఆ 14 రోజులూ అక్కడ ఉంచాం. అత్త రెండు పూటలా క్యారేజీ గట్టు మీద పెట్టి వెనక్కొచ్చేది. ఆయన అక్కడి నుంచే ఊరికంతా వినబడేలా మాట్లాడేవాడు. ఇలాంటి పాకలు అందరికీ ఉండవు. దూరం నుంచి వచ్చే పేద రోగులకి ఆ రెండు వారాలూ ఆసుపత్రి దగ్గరే చిన్న వసతి చూపించగలిగితే, అది వెంటిలేటర్ కొనడమంత ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ 14 రోజులు ఊరికే పడుకోవడానికి కాదు. మూడు బంతుల బుడ్డిలో ఊపిరి లాగే వ్యాయామం రోజుకు నాలుగైదుసార్లు చెయ్యాలి. చుట్టా బీడీ మానాలి. మన తీరపల్లెల్లో పెద్దాడవాళ్ళ అడ్డపొగ సంగతి ఇక్కడ దాచకుండా చెప్పాలి. నిప్పు నోట్లో పెట్టుకునే ఆ అలవాటును డాక్టర్ అడగడు, అమ్మమ్మ చెప్పదు. వాల్వు వేసుకునేవాళ్ళు పుచ్చిపళ్ళు ముందే చూపించుకోవాలి, పళ్ళ చీము సూక్ష్మజీవులు రక్తంలో పడి నేరుగా కొత్త వాల్వు మీద కూర్చుంటాయి. లాక్‌డౌన్‌లో పళ్ళ డాక్టర్లూ మూసేశారు, అది ఇంకో వాయిదా.

మందుల విషయంలో ఒక ప్రమాదం ఉంది, ఎవరూ పెద్దగా మాట్లాడింది లేదు. బైపాస్‌కి ముందు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ బిళ్ళ సుమారు 5 రోజులు ఆపమంటారు, రక్తం ఎక్కువ పోకుండా. బిళ్ళ ఆపాక, ఇంట్లో ఎవరికో పాజిటివ్ వచ్చి ఆపరేషన్ తేదీ జరిగిపోయిందనుకోండి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఫోన్ చేసి వాయిదా అని చెప్పిన గుమాస్తాకి ఆ సంగతి తెలీదు. స్టెంటు ఉన్న మనిషి బిళ్ళ లేకుండా వారాలు గడిపేస్తే స్టెంటే మూసుకుపోవచ్చు. వాయిదా వేసే ప్రతి ఫోన్‌లోనూ “ఏ మందులు ఆపారు?” అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి. వాళ్ళు అడక్కపోతే మనమే అడగాలి.

ఉద్దానం వాళ్ళకి మరొకటి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పనక్కర్లేదు. గుండె యంత్రం మీద ఉన్న సేపు కిడ్నీల మీద భారం పడుతుంది. యాంజియోగ్రామ్ రంగు మందు వల్ల కూడా. కోవిడ్ ముదిరితే అదీ కిడ్నీలనే పట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడి రోగిని మార్చిలో తీసిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అంకె పెరిగితే చెడు) చీటీ చూసి నవంబరులో బల్ల ఎక్కించకూడదు. మావయ్యకి మార్చిలో 1.2 ఉన్నది నవంబరుకి 1.6 అయింది. వాల్వు బిగుసుకుని కిడ్నీలకు రక్తం చాలక పెరిగిందా, కిడ్నీ జబ్బే మొదలైందా అని తేల్చుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళు ఎన్నాళ్ళు ఆగాలన్నది 2021 మార్చిలో తేలింది. 116 దేశాల్లో 1,40,231 మంది రోగుల లెక్క అది. కోవిడ్ అసలు రానివాళ్ళలో ఆపరేషన్ తర్వాత నెలలోపు మరణాలు 1.5 శాతం. వచ్చిన రెండు వారాల్లోపు చేయించుకుంటే 4.1. ఐదారు వారాలకి కూడా 3.6. ఏడు వారాలు దాటితే మళ్ళీ 1.5కి దిగింది. అందుకే అప్పట్లో ఏడు వారాలు ఆగమన్నారు. అయితే ఏడు వారాల తర్వాతా లక్షణాలు పోనివాళ్ళలో 6 శాతం. గుండె రోగి దగ్గర ఇది పెద్ద చిక్కుముడి, ఎందుకంటే ఆయాసం అన్నది వాల్వు వల్లా వస్తుంది, కోవిడ్ మిగిల్చిన ఊపిరితిత్తుల వల్లా వస్తుంది. మొదటిదైతే తొందరపడాలి, రెండోదైతే ఆగాలి. ఎకో, ఛాతీ సీటీ, ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ చూడటం, ఇవన్నీ కలిపి చూస్తే గానీ తెలీదు. ఇంటి దగ్గర పల్స్ ఆక్సీమీటర్ అంకె చూసి ఎవరికి వారు తేల్చుకునే విషయం కాదు.

రక్తం గురించి రెండు ముక్కలు. కాలేజీలు మూతపడి శిబిరాలు ఆగిపోతే రక్తనిధులు అడుగంటాయి. 2021లో టీకాలొచ్చాక, టీకా వేసుకున్నవాళ్ళు మొదట 28 రోజులు, తర్వాత నిబంధన మార్చి 14 రోజులు రక్తం ఇవ్వకూడదన్నారు. మా బంధువుల్లో ఇద్దరు కుర్రాళ్ళు ముందు రోజే మాస్కులు కట్టుకుని వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చారు. ఆపరేషన్ రోజున పదిమంది వెళ్ళి వరండాలో పడుకునే మన అలవాటు మాత్రం చెల్లలేదు. పరీక్ష చేయించుకున్న ఒక్క తోడుకే అనుమతి. అత్త వెళ్ళింది. మిగతా వాళ్ళం వీడియో కాల్లో ఆవిడ చూపించిన గోడనే చూస్తూ కూర్చున్నాం.

ఆఖరి చర్చ ఏ వాల్వు వెయ్యాలన్నదాని మీద జరిగింది. లోహపు వాల్వు ఎక్కువ కాలం మన్నుతుంది కానీ జీవితాంతం రక్తం పలచబరిచే ఎసిట్రామ్ లాంటి బిళ్ళ వెయ్యాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చేయించి మోతాదు సరిచూసుకోవాలి. తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఎక్కడో రక్తం కారుతుంది. లాక్‌డౌన్‌లో బస్సులు మే 21 దాకా నడవలేదు. లోహపు వాల్వు ఉన్న ఎంతమంది ఆ రెండు నెలలు అంచనా మీద బిళ్ళలు మింగారో! జంతు కణజాలంతో చేసిన వాల్వుకైతే చాలామందికి మొదటి మూడు నెలలే ఆ బిళ్ళ. కాకపోతే పది పదిహేనేళ్ళకి అరిగిపోతుంది. మావయ్య వయసు 64, ఏదైనా పెట్టొచ్చనే వయసు. సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న గుండె గురించి కాదు, “మీ ఊరికి ఐఎన్ఆర్ చేసే ల్యాబు ఎంత దూరం? బస్సు రోజుకి ఎన్నిసార్లు?” అని.

అత్త సమాధానం చెప్పేలోగా మావయ్యే అందుకున్నాడు. “కణజాలందే ఎయ్యండి బాబూ. పదిహేనేళ్ళకంటే నాకు డెబ్భైతొమ్మిది. అరిగితే అప్పుడు సూసుకుందాం.”